సిరిమాను బండి – ఇరుసు కథ



నేటి సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయము మన ప్రాంతమువారికి చిరపరిచితమైనది. విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుట మీలో చాలమంది చూచియే యుందురు. చూడనివారు పెద్దల నోట వినియుందురు. ఆ దినమున లక్షలాది జనులు తలలెత్తి మాను కొనన కూర్చున్న పూజారిని దర్శింతురు. ఆ మాను మొదలు క్రిందనున్న బండితో ఎట్లు కూర్పబడినదో వంగి చూచువారు మాత్రము అరుదు. నేను చెప్పదలచినది ఆ మొదటి సంగతి. కొననున్నవాని ప్రాణము మొదట నున్న అతుకుపై ఆధారపడి యున్నదన్న మాటను మన పూర్వులు ఎట్లు గ్రహించిరో, నేడు మనము దానిని ఎచ్చట మరచుచున్నామో విన్నవింతును.

ఈ తలపు నాకు ఒక చిన్న ప్రమాదము వలన కలిగినది. కొన్నేండ్ల క్రిందట వానకాలమున నేను మక్కువ వైపు ఒక ఊరికి పోయియుంటిని. ఊరి వెలుపల గెడ్డ పొంగి తీసినది. పసుపు బస్తాలతో వచ్చిన పికప్ బండి ఒకటి గెడ్డ నడుమ బురదలో ఇరుసుదాక దిగబడినది. ఒడ్డున మఱియొక పికప్ ఉండెను. దాని ముందరి బంపరుకు క్రొత్తగా వించి బిగించియుండిరి. వించి యనగా ఉక్కుత్రాటిని మోటారు బలముతో తనకు చుట్టుకొను గిలక. పట్టణమున ఏదో ఒక షాపులో దానిని బిగించిరట. దిగబడిన బండికి కొక్కెము తగిలించి మీట నొక్కిరి. త్రాడు బిగిసినది. బస్తాల బండి జానెడు కదలినది. అంతలో పెద్ద చప్పుడైనది. త్రాడు తెగలేదు, కొక్కెము విరుగలేదు. ఒడ్డున నున్న బండి బంపరే వించితోకూడ ఊడి, త్రాటి వెంట గెడ్డలోనికి ఎగిరిపోయినది. త్రాటి ప్రక్కన నిలిచియున్న కుఱ్ఱవాడు అంతకు క్షణము ముందే తల్లి పిలువగా ఇవతలకు వచ్చెను. లేనిచో ఏమి జరిగియుండెడిదో తలచుకొన్నను ఒడలు జలదరించును.

జనము చెదరిన పిమ్మట ఆ ఊరి ముసలి వడ్రంగి ఒకడు బండి ముందు గొంతు కూర్చుండి, బోల్టులుండిన తావులను వ్రేలితో తడవి చూచెను. నేను దగ్గరకు పోయి, "ఏమి జరిగినది తాతా?" అని అడిగితిని. అతడు తల పైకెత్తక, "ఏటుంది బాబూ! ఇరుసు నేని కాడ మాను నిలిపినారు" అనెను. చూడగా ఆ బోల్టులు బండి ఎముకవంటి చాసిస్ దూలములకు కాక, వానిపై నున్న పలుచని రేకునకు బిగింపబడియుండెను. రేకు కాగితమువలె చినిగి, బోల్టు తలలు దానినుండి దూసికొని పోయినవి. ఆ ముసలివాడు శంబర పోలమాంబ జాతరలో సిరిమాను బండి కూర్పును చిన్ననాటినుండి చూచినవాడు. అతని మాట నన్ను విజయనగరమునకును, అచ్చటినుండి చరిత్రలోనికిని కొనిపోయినది.

ముందుగా ఉత్సవమును స్మరింతము. విజయదశమి వెళ్లిన తరువాత వచ్చు మంగళవారమున సిరిమానోత్సవము జరుగును. ముందునాడు సోమవారము తొలేళ్లు. ఉత్సవమునకు కొన్ని వారముల పూర్వమే పూజారికి అమ్మవారు కలలో కనబడి, తనకు కావలసిన చింతమాను ఎచ్చట నున్నదో తెలుపునని విశ్వాసము. ఆ చెట్టు ఎవరి పొలమున నున్నను, యజమాని దానిని తన భాగ్యముగా నెంచి ఇచ్చును. చెట్టుకు పూజచేసి, కొట్టి, ఊరేగింపుగా తెచ్చి, హుకుంపేటలో వడ్రంగులు దానిని చెక్కుదురు. ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. తెచ్చునది ఒక మాను కాదు, రెండు. పైకి లేచునది సిరిమాను. దానిని మోయునది ఇరుసుమాను. రెంటికిని పూజ కలదు. కొనకు ఎంత గౌరవమో, మొదటికిని అంత గౌరవము. ఆధారమునకు పేరుపెట్టి పసుపుకుంకుమలతో పూజించు ఈ ఆచారములో వడ్రంగి శాస్త్రమంతయు ఇమిడియున్నదని నాకు తోచును.

సిరిమాను పొడవు సుమారు 50, 60 అడుగులుండును. మొదలు లావుగను, కొన సన్నముగను ఉండును. కొనన ఆసనము. మొదలు బండిపైనున్న ఇరుసుతో కూడును. పూజారి ఆసనమున కూర్చుండిన పిమ్మట కొన పైకి లేచును. పాలధార, తెల్లఏనుగు, బెస్తవారి వల ముందు నడువగా, మూడులాంతర్ల యొద్ద నున్న గుడినుండి కోటవఱకు సిరిమాను మూడు పర్యాయములు తిరుగును. జనులు క్రిందినుండి అరటిపండ్లు విసరి మ్రొక్కులు చెల్లింతురు.

ఈ ఉత్సవ మూలమును బొబ్బిలి యుద్ధముతో ముడిపెట్టి చెప్పుదురు. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయనగర ప్రభువు పెదవిజయరామరాజు బొబ్బిలి కోటను ముట్టడించెను. కోట కూలిన కొలది దినములకే తాండ్ర పాపయ్య రాత్రివేళ ఆయన గుడారమున జొరబడి ఆయనను సంహరించెను. ఇంతవఱకు చరిత్ర. యుద్ధము వలదని ప్రాధేయపడిన చెల్లెలు పైడితల్లి, అన్న మరణవార్త విని పెద్దచెఱువులో ఐక్యమయ్యెననియు, పతివాడ అప్పలనాయుడను భక్తునికి కలలో కనబడి తన విగ్రహము చెఱువున నున్నదని తెలిపెననియు, ఆ విగ్రహమును వెలికితీసి గుడి కట్టిరనియు స్థలకథ. మనవారు రెండు సంస్థానముల వైరమును ఒక ఆడుబిడ్డ కన్నీటి కథగా నిలుపుకొనిరి.

అయితే దేవత కథ 18వ శతాబ్దమునాటిదైనను, బండిపై మాను నిలిపి దాని కొనకు మనిషిని ఎత్తు పద్ధతి అంతకంటె చాల ప్రాచీనమైనది. దానికి సిడి యని పేరు. మ్రొక్కుకొన్నవాని వీపు చర్మమునకు ఇనుప కొక్కెములు గ్రుచ్చి, మాను కొనకు వ్రేలగట్టి, పైకెత్తి త్రిప్పెడివారు. ఆ మానును సిడిమాను అందురు. సిడిమానే కాలక్రమమున సిరిమాను అయినదని పలువురి అభిప్రాయము. పేరు సంగతి ఎట్లున్నను, కూర్పులోని పోలిక కన్నులకు కట్టినట్లుండును.

దీనిని కన్నులార చూచినట్లు వర్ణించినవాడు దువార్తె బార్బోసా యను పోర్చుగీసు ఉద్యోగి. ఆయన సుమారు 1516లో ముగించిన గ్రంథమున విజయనగర సామ్రాజ్యమును వర్ణించెను. ఇది మన విజయనగరము కాదు, హంపీ విజయనగరము. కోరిన వరుడు లభించినచో సిడి మ్రొక్కు తీర్చెదనని మ్రొక్కుకొన్న ఒక యువతి కథను ఆయన చెప్పెను. పెద్ద ఎద్దుబండి తెచ్చి, బావులనుండి నీరుతోడు పొడవైన మానువంటి దానిని దానిపై నిలిపిరనియు, ఆ మాను చివర రెండు వాడి కొక్కెములు వ్రేలాడుచుండెననియు వ్రాసెను. ఆమె నెత్తురు కాఱుచున్నను బాధ కనబరుపక, చేత చిన్న కత్తి త్రిప్పుచు, తాను వరించినవానిపై నిమ్మపండ్లు విసరెనట. నాడు పండ్లు పైనుండి క్రిందికి వచ్చినవి. నేడు విజయనగరములో క్రిందినుండి పైకి పోవుచున్నవి.

ఈ వర్ణనలో నన్ను ఆకర్షించినది కొక్కెము కాదు, ఆయన తెచ్చిన పోలిక. నీరుతోడు మాను అనగా ఏమి? మన భాషలో దాని పేరు ఏతము! బార్బోసా నీరుతోడు ఏతమును మన ఎద్దుబండిపై చూచెను. పొలములో నేలపాతిన కంబములపై నుండవలసిన ఏతమును బండిపై కెక్కించి, ఊరంతయు త్రిప్పు ఉపాయమును మన వడ్రంగులు 500 ఏండ్లకు పూర్వమే సాధించిరన్నమాట.

ఇది మాటలతో చెప్పినంత సులువు కాదు. ఏతము తొక్కినవారికి తెలియును. పొలములోని ఏతమునకు నేలయే ఆధారము. కంబములను నిలువులోతు పాతి, మట్టి దిమ్మిస చేసి, నడుమ ఇరుసు వేసి, దానిపై మానును ఊగింతురు. మనిషి మానుపై నడచినను, బాన నిండి లేచినను, ఆ బలమంతయు ఇరుసునుండి కంబములకు, కంబములనుండి భూమికి దిగును. భూదేవి కదలదు. బండిపై నిలిపిన ఏతమునకు అట్టి భూమి లేదు. దానికి బండి దూలములే భూమి. ఆ దూలములు కదలుచుండును, గుంటలలో పడుచుండును, మలుపులలో ఒరగుచుండును. కావున మాను మొదలును పైపలకలకు మేకులతో కొట్టి నిలిపిన ప్రయోజనము లేదు. ఇరుసుతోను, క్రింది దూలములతోను ఏకమగునట్లు కూర్పవలెను. ఇరుసుమాను అను రెండవ చెట్టు అందులకే వచ్చినది.

లెక్కవేసి చూతము. మానులో 45 అడుగులు ఇరుసునకు ముందును, 15 అడుగులు వెనుకను ఉన్నదనుకొందము. కొనన 60 కిలోల మనిషి కూర్చుండెను. తూకము నిలుపుటకు వెనుక మొదట 180 కిలోలు కావలెను. అనగా మనిషి ఒక్కడే యైనను, ఇరుసుపై పడునది 240 కిలోలు. దీనికి మాను బరువు అదనము. ఇది నిలుకడగా నున్నప్పటి లెక్క. బండి నడచునపుడు ఊపు వలన ఇది ఇంకను పెరుగును. మఱియొకటి. రాయి తగిలి బండి 1 డిగ్రీ మాత్రము వెనుకకు మొగ్గినదనుకొందము. బండిపై నున్నవానికి అది తెలియనే తెలియదు. 45 అడుగుల దూరమున కొన మాత్రము 9 అంగుళములకు పైగా లేచి పడును. మొదట వెండ్రుకవాసి వదులున్నచో కొనకు జానెడు ఊగిసలాట. కొననున్న పూజారి ప్రాణము ఆ వెండ్రుకవాసిలో నున్నది. అందుచేతనే మంచి వడ్రంగి మానును చెక్కుటకు ఎంత శ్రమపడునో, ఇరుసు తొలిచిన రంధ్రమును సరిచూచుటకును అంత శ్రమపడును.

ఇక సిడి చరిత్ర తక్కిన భాగమును చెప్పెదను. 19వ శతాబ్దమున ఇంగ్లీషు ప్రభుత్వము ఈ ఆచారమును మాన్పింప పూనుకొన్నది. బెంగాలులో 1865లో దీనిని నిషేధించిరి. చెన్నపట్టణపు రాజధానిలో చాలకాలము నచ్చచెప్పుటతోను, స్థానికాధికారుల ఉత్తరువులతోను నడచినది. 1906లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణదేశపు ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథములో దీనికై ఒక ప్రకరణమునే కేటాయించెను. కొన్ని తావుల మనిషికి మారుగా గొఱ్ఱెనో మేకనో, కొయ్యబొమ్మనో ఎత్తుట ఆచారమైనది. మన వైపు మాత్రము మనిషిని ఎత్తుటయే నిలిచినది. అయితే కొక్కెము పోయి ఆసనము వచ్చినది. వీపున గాయము పోయి చేత హారతి వచ్చినది. భక్తికి నెత్తురు అక్కఱలేదని సమాజము తెలిసికొన్నది.

ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపుడు. ఈ 500 ఏండ్లలో కొననున్నదంతయు మారినది. మొదట నున్నది మాత్రము మారలేదు. ఎద్దుబండి, మాను, ఇరుసు, ఈ మూటి కూర్పు బార్బోసా చూచిన నాటి కూర్పునకు చుట్టమే. ఆచారములో మార్పదగినది మార్చి, కూర్పులో నిలుపదగినది నిలిపిరి. ఏది ఆచారపు మొరటుతనమో, ఏది ఆధారపు సత్యమో మన పూర్వులు వేరుచేసి చూడగలిగిరి. చదువుకొన్న మనకు అంతటి వివేకము ఉన్నదా యని అప్పుడప్పుడు నాకు సందేహము కలుగును.

ఈ సత్యము ఒక్క మనదేశమునదే కాదు. రెండువేల ఏండ్ల క్రిందట రోములో విట్రూవియస్ అను శిల్పి వాస్తుశాస్త్రమున పది గ్రంథములు వ్రాసి, పదవదానిలో బరువులెత్తు గిలకలను, నిలువు చక్రములను వర్ణించెను. యంత్రము నిలువవలెనన్న దానికి గట్టి లంగరు కావలెనని ఆయనకును తెలియును. ఇక మోటారు బండి ముందు వించిని నిలుపుట రెండవ ప్రపంచయుద్ధమున విరివిగా వ్యాపించినది. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపై జపానువారి బాంబులు పడినవని పెద్దలెఱుగుదురు. ఆ యుద్ధకాలముననే అమెరికా సైన్యపు డాడ్జి, జి.ఎం.సి. లారీలు వేలకొలది ముందు వించిలతో తయారైనవి. ఆ డాడ్జి బండ్లలో వించి వచ్చిన రకమునకు చాసిస్ దూలములనే ముందుకు పొడిగించి, వించిని వాని నడుమ కూర్చుండబెట్టిరి. బంపరు దాని ముందు కాపు మాత్రమే. వించి బంపరుపై లేదు. వించియు బంపరును రెండును దూలములపై నున్నవి. ఇదియే మన ఇరుసుమాను నీతి. సముద్రముల కావల ఇంజనీర్లును, హుకుంపేట వడ్రంగులును ఒకరినొకరు చూడకయే ఒకే మాటకు వచ్చిరి.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. సాలూరు, పార్వతీపురము, పాతపట్నము వైపు కొండదారులలోను గెడ్డలలోను పికప్ బండ్లు లేనిదే నేడు పని జరుగదు. పిల్లలు తమ బండ్లకు వించి బంపరులు బిగించుకొనుచున్నారు. ఆపదలో అది ఎంతో ఉపకారి. అయితే పెద్దలుగా మనము వారిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. బండి క్రింద దూరి చూచుటకు వయస్సు అడ్డము వచ్చినను, అడుగుటకు అడ్డము రాదు గదా!

మొదటి ప్రశ్న: "నాయనా, ఇది దేనికి బిగించినారు?" బండి క్రింద ఎడమ కుడి వైపుల పొడుగునను రెండు ఉక్కు దూలములుండును. వానినే చాసిస్ అందురు. వించి పళ్లెము ఆ రెండు దూలములకును సమముగా బిగింపబడి యుండవలెను. ఒక దూలమునకే బిగించినచో లాగినపుడు బండి మెలిపడును. రేకునకు బిగించినచో నేను గెడ్డయొద్ద చూచినదే మరల జరుగును.

రెండవ ప్రశ్న: "బోల్టు తలపై ఏ అంకె ఉన్నది?" మంచి ఉక్కు బోల్టు తలపై 8.8 అనియో 10.9 అనియో చెక్కియుండును. అంకె లేని బోల్టును బలమైన పనికి నమ్మరాదు. బోల్టు ఎంత గట్టిదైనను, దాని నట్టు క్రింద వెడల్పైన మందపు పలక లేనిచో బలము ఒక్క చుక్కపై పడి ఇనుమును కొఱుకును. దూలము పెట్టెవలె లోపల డొల్లయైనచో, బోల్టు బిగించునపుడు గోడలు లోపలికి నొక్కుకొనిపోవును. అట్టిచోట బోల్టు చుట్టు ఉక్కు గొట్టమును లోపల నిలిపి, దాని మీదుగా బిగించుట పద్ధతి. మన బండిచక్రపు కుండలో ఇనుప గొట్టము వేసి ఇరుసును నడుపుటను తలచుకొన్నచో ఇది సులువుగా బోధపడును.

మూడవ ప్రశ్న: "త్రాడు దూలమునకు ఎంత ఎత్తున నున్నది?" ఇది సిరిమాను లెక్కయే. బోల్టులు రెండు వరుసలుగా, ఒకదానికంటె ఒకటి 6 అంగుళముల ఎత్తున నున్నవనుకొందము. త్రాడు వాని నడిమి రేఖకు 12 అంగుళముల పైన నున్నది. త్రాడు 4,000 కిలోల బలముతో లాగినచో, నేరుగా పడు బలము గాక, ఆ మెలిక వలన పైవరుస బోల్టులపై మఱి 8,000 కిలోల లాగుడు పడును. గిలకను అందముకొఱకు పైకి ఎత్తి నిలుపువారు ఈ లెక్కను తలపరు. వించి ఎంత తగ్గుగా, దూలముల వరుసకు ఎంత దగ్గరగా నుండిన అంత మేలు.

నాలుగవ ప్రశ్న: "దీని బలమెంత?" నిండు బరువుతో నున్న బండి ఎంత తూగునో, దానికి ఒకటిన్నర రెట్లు లాగగల వించి కావలెనని ఈ పనివారి లెక్క. వించిపై వ్రాసిన అంకె గిలకపై త్రాడు ఒక్క పొర మాత్రమే యున్నప్పటిది. పొరలు పెరిగినకొలది లాగు బలము తగ్గును. బలము చాలనిచో త్రాటిని ఒక కప్పీ మీదుగా మడచి తెచ్చినచో బలము ఇంచుమించు రెట్టింపగును. అప్పుడు కప్పీని కట్టిన చెట్టునకో రాతికో త్రాటి బలమునకు రెట్టింపు పడునని మరువరాదు.

ఇవి గాక రెండు హెచ్చరికలు. లాగుచుండగా త్రాటికి దగ్గరగను, త్రాటి వరుసలోను ఎవ్వరును నిలువరాదు. ఉక్కుత్రాటిపై మందపు గోనెయో దుప్పటియో వేసినచో, తెగినను దాని ఎగురు కొంత తగ్గును. ఇక కొందరు చాసిస్ దూలమునకు నేరుగా వెల్డింగు చేయుదురు. వేడి తగిలినచోట ఆ ఉక్కు గుణము మారి బలము తగ్గవచ్చును. తయారుచేసినవారి సూచన లేనిదే ఆ పని తగదు. చట్టము మాటయు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించిన రూపమును మనమిష్టము వచ్చినట్లు మార్చుటకు వీలు లేదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ముందు బిగించు అడ్డకమ్ములపై చర్య తీసికొనుడని రాష్ట్రములకు వ్రాసినది. గాలిసంచులున్న బండ్లలో ముందరి అతుకులు ఆ సంచులు విచ్చుకొను సమయమునే మార్చగలవు. కావున ఏదైనను బిగించుటకు ముందు రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

ఇంత చెప్పినను, గెడ్డ ఒడ్డున నాకు కలిగిన విచారము ఇంకను తీరలేదు. ఆ బంపరును బిగించిన పనివాడు దుర్మార్గుడు కాడు. అతనికి ఎవ్వరును చెప్పలేదు, అంతే. అదే ఊరిలో పదిగజముల దూరమున, కొనకును మొదటికిని గల సంబంధమును జన్మమంతయు ఎఱిగిన వృద్ధుడు ఉండెను. అతనిని ఎవ్వరును అడుగలేదు. చెప్పదగినవాడు అరుగుపై కూర్చున్నాడు. వినవలసినవాడు రోడ్డుపై పోవుచున్నాడు. ఇరువురి నడుమ ఇరుసు లేదు.

సిరిమానును ఏటేట చెక్కిన వడ్రంగుల పేర్లు ఏ శాసనమునను లేవు. యుద్ధము చేసిన రాజుల పేర్లు ఉన్నవి, గుడారములో జొరబడిన వీరుని పేరు ఉన్నది, చూడవచ్చిన విదేశీయుని పేరును ఉన్నది. మనిషిని ఆకాశమున కూర్చుండబెట్టి, ఊరంతయు త్రిప్పి, మరల క్షేమముగా నేలకు దించిన చేతులకు మాత్రము పేరు లేదు. అందువలన మీకు నాదొక మనవి. విజయనగరమున గాని, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని శంబరలో గాని, మీ ఊరి గ్రామదేవత పండుగలో గాని ఈ ఏడు సిరిమాను లేచునపుడు, మీ మనుమలను వెంట తీసికొని ముందునాడే పోవుడు. మాను కొనను తరువాత చూపవచ్చును. ముందు మొదలు చూపుడు. ఇరుసు ఎచ్చట కూర్చున్నదో, రంధ్రము ఎంతయో, ఏ కఱ్ఱ దేనిని మోయుచున్నదో వడ్రంగిచేతనే చెప్పింపుడు. ఆ కొలతలను ఒక కాగితముపై గీయించి, ఆ వడ్రంగి పేరుతో సహా మీ ఊరి బడిలో భద్రపరుపుడు.

ఆ పిల్లవాడు పెద్దవాడై బండికి వించి బిగించుకొన్న దినమున, షాపువానిని "అన్నా, ఇది దేనికి బిగించినావు?" అని అడిగినచో చాలును. గెడ్డ ఒడ్డున ఏ తల్లియు తన బిడ్డను క్షణము ముందు పిలువవలసిన అగత్యముండదు.